ఇంట్లోనే లిప్ బామ్: నూనె, మైనం, ఒక లెక్క

మన ఒంటి మీద చర్మం అంతా ఒకే తీరుగా ఉండదు. చెంపలు, చేతులు, మెడ, వీపు అన్నిచోట్లా చర్మంలో నూనె గ్రంథులు ఉంటాయి. అవి వదిలే సన్నటి జిడ్డు పైన పొరలా పరుచుకుని లోపలి తడిని కాపాడుతుంది. పెదవులకు ఈ ఏర్పాటు లేదు. అక్కడ చెమట గ్రంథులు ఉండవు, నూనె గ్రంథులు దాదాపుగా ఉండవు. పై చర్మం కూడా చాలా పలచన. అందుకే కింద ఉన్న రక్తనాళాల ఎరుపు బయటికి కనిపిస్తుంది. అందుకే చలిగాలి తగిలినా, ఎండ కాసినా అన్నిటికంటే ముందు పగిలేది పెదవే.

ఒళ్లు తనంతట తాను ఇవ్వలేని ఆ జిడ్డు పొరను మనం బయటి నుంచి ఇస్తే, అదే లిప్ బామ్. దీన్ని ఇంట్లో చేసుకోవడానికి అరగంట, రెండు గిన్నెలు, నాలుగైదు దినుసులు చాలు. ఈ అధ్యాయంలో తయారీ పద్ధతి చెబుతాను. దానికంటే ముఖ్యంగా దాని వెనకున్న లెక్క చెబుతాను. ఆ లెక్క పట్టుబడితే ఆదిలాబాద్ చలికీ, రెంటచింతల ఎండకీ, న్యూజెర్సీలో రాత్రంతా తిరిగే హీటర్ గాలికీ ఎవరికి కావలసిన బామ్ వాళ్లే చేసుకోవచ్చు.

ముందు పగుళ్ల కారణం పట్టుకోండి

పెదవి ఎండినట్టు అనిపించగానే నాలుకతో తడుపుకుంటాం. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. కానీ ఉమ్మి ఆరిపోతూ పెదవిలో ఉన్న కాస్త తడినీ తనతో తీసుకుపోతుంది. పైగా ఉమ్మిలో అన్నాన్ని అరిగించే ఎంజైములు ఉంటాయి. అవి పలచటి చర్మాన్ని చికాకు పెడతాయి. కొందరు పిల్లలకు నోటి చుట్టూ ఎర్రటి వలయం కనిపించేది ఇందుకే. తడిపినకొద్దీ ఎండుతుంది, ఎండినకొద్దీ తడపాలనిపిస్తుంది. ఈ అలవాటు ఆగకుండా ఎంత మంచి బామ్ రాసినా ఫలితం సగమే.

మరికొన్ని కారణాలు కూడా చూసుకోండి. పడిశం పట్టి నోటితో గాలి పీల్చేవాళ్లకు తెల్లారేసరికి పెదవులు అట్టకడతాయి. పుదీనా, దాల్చినచెక్క ఘాటున్న టూత్‌పేస్టు కొందరికి పడదు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు మొదలుపెట్టిన వాళ్లలో చాలామందికి పెదవులు ఎండిపోతాయి. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లకీ, గంటల తరబడి చెరగకుండా నిలిచే పొడి రకం లిప్‌స్టిక్ వేసుకునేవాళ్లకీ ఇదే ఇబ్బంది. పొట్టు ఊడుతోంది కదా అని గోటితో పీకడం అన్నిటికంటే చెడ్డది. మానబోతున్న చోట మళ్లీ గాయం అవుతుంది.

నూనె ఒక్కటే ఎందుకు చాలదు

మన ఇళ్లలో పెదవులకు వెన్న, నెయ్యి, కొబ్బరి నూనె రాయడం ఎప్పటి నుంచో ఉంది. అది మంచి అలవాటే. నూనె పొడిబారిన చర్మంలో పెళుసుతనాన్ని తగ్గించి మెత్తబరుస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, నూనె నిలవదు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పెదవి వేడికి నీళ్లలా పలచబడి, రెండు మాటలు మాట్లాడి గుక్కెడు కాఫీ తాగేసరికి తుడుచుకుపోతుంది.

ఇక్కడే తేనె మైనం పనికొస్తుంది. తేనె మైనం 62 నుంచి 65 డిగ్రీల వేడికి గానీ కరగదు. నూనెలో కలిసి చల్లారినప్పుడు నూనెను తనలో పట్టి ఉంచుతుంది. వేలితో రుద్దితే మెత్తబడుతుంది, పెదవి మీద పడ్డాక పొరలా నిలుస్తుంది. నూనె మెత్తబరుస్తుంది, మైనం కాపలా కాస్తుంది. లిప్ బామ్ అంటే ఈ రెండే. మిగిలినవన్నీ వాసనకీ రంగుకీ చేర్చేవి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఆయుర్వేదంలో తేనె మైనాన్ని నువ్వుల నూనెలో కరిగించి చేసే సిక్థ తైలం ఉంది. పైపూత మందులెన్నిటికో అదే ఆధారం. పెట్రోలియం జెల్లీ వచ్చింది చాలా తర్వాత. రాబర్ట్ చీస్‌బ్రో అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త వాజెలిన్‌కు 1872లో పేటెంటు తీసుకున్నాడు. పెట్రోలియం జెల్లీ విషమేమీ కాదు. తడిని బయటికి పోనివ్వకుండా ఆపడంలో అది చాలా గట్టిది. చర్మవైద్యులు ఇప్పటికీ దాన్నే రాయమంటారు. అయినా సొంతంగా చేసుకోవడంలో వేరే లాభం ఉంది. డబ్బీలో ఏముందో మనకు పూర్తిగా తెలుస్తుంది. పడనిది తీసేయవచ్చు, కాలాన్ని బట్టి మార్చుకోవచ్చు.

కావలసినవి

ఈ కొలతలకు 25 గ్రాముల బామ్ వస్తుంది. అయిదు చిన్న డబ్బీలు నిండుతాయి.

- తేనె మైనం: 5 గ్రాములు
- కొబ్బరి నూనె: 10 గ్రాములు (రెండు టీస్పూన్ల పైచిలుకు)
- నువ్వుల నూనె లేదా బాదం నూనె: 7 గ్రాములు (ఒకటిన్నర టీస్పూను)
- ఆముదం: 3 గ్రాములు (అర టీస్పూను పైచిలుకు)
- విటమిన్ ఇ క్యాప్సూల్: ఒకటి

లెక్క చూడండి. ఒక వంతు మైనానికి నాలుగు వంతుల నూనె. ఈ ఒకటికి నాలుగు గుర్తుంటే చాలు, ఎంత చేసుకున్నా తప్పు పోదు.

నూనెలన్నీ ఒకే పని చేయవు. కొబ్బరి నూనె చల్లదనానికి గట్టిపడి బామ్‌కు బిగువునిస్తుంది. నువ్వుల నూనె, బాదం నూనె ఎప్పుడూ ద్రవంగానే ఉండి సాఫీగా పరుచుకునేలా చేస్తాయి. ఆముదం చిక్కటిది, జిగటగా పట్టుకుని ఉంటుంది, పెదవికి మెరుపునిస్తుంది. అన్నీ తినడానికి పనికొచ్చే నాణ్యతలో ఉండాలి, ఎందుకంటే పెదవికి రాసింది కొంత కడుపులోకి పోతుంది. నువ్వుల నూనె గానుగదైతే మంచిది, తాజాదైతే మరీ మంచిది. ఆముదం మాత్రం దీపాలకు అమ్మేది వద్దు. మందుల షాపులో దొరికే శుద్ధి చేసినదే తీసుకోండి.

మైనం కొనేటప్పుడు జాగ్రత్త. మైనం పేరుతో బజారులో దొరికేదంతా తేనె మైనం కాదు. కొవ్వొత్తులకు వాడే తెల్లటి పారఫిన్‌ను కూడా మైనమే అంటారు. అది పెట్రోలియం నుంచి వచ్చేది. అసలు తేనె మైనం పసుపు నుంచి గోధుమ రంగు వరకు ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వంచబోతే పుటుక్కున విరుగుతుంది. అదే ముక్కను పిడికిట్లో కాసేపు వెచ్చబెడితే ఎటు నొక్కితే అటు వంగుతుంది. ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా లోహపు బొమ్మల అచ్చులకు మైనపు తీగలు చుట్టగలిగేది ఈ గుణంతోనే.

తేనె తీసేవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే తేనె పిండేసిన పట్టును అడిగి తెచ్చుకోండి. దాన్ని నీళ్లలో వేసి సన్నటి మంట మీద కరిగించండి. పాత నూలు గుడ్డలో వడకట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి మైనం నీళ్ల మీద పసుపు పచ్చటి బిళ్లగా తేలి ఉంటుంది. బిళ్ల అడుగున నల్లటి మడ్డి అంటుకుని ఉంటుంది. దాన్ని చాకుతో గీకేసి, మిగిలినది ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. లోపల నీటి చుక్క మిగలకూడదు.

చిన్న కొలతలు తూచే త్రాసు ఇంట్లో లేకపోతే ఒక ఉపాయం ఉంది. మైనం 50 గ్రాముల బిళ్ల తూకం వేయించి తెచ్చుకుని, దాన్ని పది సమాన ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క 5 గ్రాములు. తురిమిన మైనాన్ని స్పూన్లతో కొలవకండి. తురుము వదులుగా పడితే ఒక లెక్క, ఒత్తుగా పడితే మరో లెక్క వస్తుంది.

తేనెటీగల నుంచి వచ్చేది వాడకూడదనుకునేవాళ్లు కాండెలిల్లా మైనం వాడుకోవచ్చు. అది మొక్కల నుంచి తీస్తారు. తేనె మైనం కంటే గట్టిది కాబట్టి చెప్పిన బరువులో సగంతో మొదలుపెట్టండి.

తయారీ

1. డబ్బీలు సిద్ధం చేసుకోండి. చిన్న స్టీలు డబ్బీలైనా, కొత్త కుంకుమ భరిణెలైనా సరే. వేడి నీళ్లతో సబ్బు పెట్టి కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. మూత అంచుల్లో తడి దాక్కుంటుంది, అక్కడ ప్రత్యేకంగా తుడవండి. ఒక చెంచాను ఫ్రిజ్‌లో పెట్టండి. దాని పని తర్వాత ఉంది.

2. ఒక గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు వేడెక్కాక మంట తగ్గించి, అందులో చిన్న స్టీలు గిన్నె ఉంచండి. నేరుగా మంట మీద మైనం ఎప్పుడూ కరిగించకండి. అది మాడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. పొరపాటున అంటుకుంటే నీళ్లు చల్లకూడదు. మూత పెట్టి పొయ్యి ఆపేయాలి.

3. ముందు మైనం వేయండి. ముక్క అంచులు మొదట అద్దంలా మారతాయి, తర్వాత మెల్లగా కుంగి తేటగా కరుగుతుంది. తొందరపడి మంట పెంచవద్దు.

4. మైనం పూర్తిగా కరిగాక నూనెలు పోయండి. పోయగానే మైనం కొంత గడ్డకట్టి తెల్లటి తునకలు కనిపిస్తాయి. కంగారు పడకండి. అది నూనె చల్లదనం వల్లే. కలుపుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో మళ్లీ తేటపడుతుంది.

5. ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా బయటికి తీసి, దాని మీద ఒక బొట్టు వేయండి. బొట్టు గట్టిపడ్డాక రెండు నిమిషాలు బయటే వదిలేయండి. చల్లగా ఉండగానే చూస్తే కొబ్బరి నూనె కూడా గట్టిపడి ఉంటుంది కాబట్టి తప్పుడు తీర్పు వస్తుంది. తర్వాత వేలితో రుద్దండి. గోరుతో గీకితేనే ఊడి వస్తుంటే మైనం ఎక్కువైంది, అర టీస్పూను నూనె కలపండి. తాకగానే జారిపోతుంటే మైనం తక్కువైంది, శనగగింజంత చేర్చండి. వేలి కొనకు పలచగా, సాఫీగా అంటుకుంటే సరిపోయింది. ఈ పరీక్షను వదిలేయకండి. మీ ఊరి వేడి, మీ నూనె చిక్కదనం, మీ మైనం గట్టిదనం మూడింటినీ లెక్కలోకి తీసుకునేది ఇదొక్కటే.

6. గిన్నె దించి, విటమిన్ ఇ క్యాప్సూల్‌ను సూదితో గుచ్చి నాలుగైదు చుక్కలు వేసి కలపండి. ఇది నూనె పాతబడి వాసన పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది.

7. వేడిగా ఉండగానే డబ్బీల్లో పోయండి. మూత వెంటనే పెట్టకండి. ఆవిరి లోపల చేరి నీటి బిందువులుగా మారుతుంది. పూర్తిగా చల్లారాక మూత పెట్టి, చేసిన తేదీ రాసిన కాగితం అంటించండి.

గిన్నెను వేడి తగ్గకముందే పాత కాగితంతో గట్టిగా తుడిచేయండి. ఆ తర్వాతే కడగండి. మైనం సింకులో పోస్తే గొట్టంలో గడ్డకట్టి నీళ్లు ఆగిపోతాయి.

కాలానికి తగ్గ లెక్క

పైన చెప్పినది మన సంక్రాంతి చలికి బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే డబ్బీ హ్యాండ్‌బ్యాగులో కరిగి పారుతుంది. అప్పుడు మైనం 7 గ్రాములకు పెంచి, కొబ్బరి నూనె 5 గ్రాములకు తగ్గించి, నువ్వుల నూనె 10 గ్రాములు, ఆముదం 3 గ్రాములు వేసుకోండి. మొత్తం మళ్లీ 25 గ్రాములే. గొట్టంలో పోసి కడ్డీలా తిప్పుకునే రకం కావాలన్నా ఇదే కొలత, ఎందుకంటే కడ్డీ తన కాళ్ల మీద తాను నిలబడాలి.

చలి ఎక్కువగా ఉండే దేశాల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. బయట మంచు, లోపల హీటర్ ఆరబెట్టేసిన గాలి. రెండూ పెదవి తడిని లాగేస్తాయి. అక్కడ మైనం ఎక్కువైతే బామ్ రాయిలా బిగుసుకుని, పగిలిన పెదవి మీద రుద్దితే నొప్పి పెడుతుంది. మైనం 4 గ్రాములు, షియా బటర్ 5, కొబ్బరి నూనె 5, బాదం నూనె 8, ఆముదం 3 గ్రాములు వేసుకుంటే వేలితో తేలిగ్గా వస్తుంది.

కలపకూడనివి

ఇంటి చిట్కాల పేరుతో ఎక్కువ హాని జరిగేది ఇక్కడే. కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

నిమ్మరసం వద్దు. పగిలిన చర్మం మీద మంట పుట్టిస్తుంది. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. పెదవులు ఎర్రబడతాయనే ఆశతో ఎంతోమంది అమ్మాయిలు ఈ పని చేసి మచ్చలు తెచ్చుకుంటారు. పెదవుల సహజమైన రంగు లోపం కాదు. దాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికీ లేదు.

తేనె, బీట్‌రూట్ రసం, గులాబీ నీరు బామ్‌లో కలపవద్దు. నీళ్లూ నూనే కలవవు. రసం అడుగున చేరి, నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. నూనె, మైనం మాత్రమే ఉన్న బామ్ నెలల తరబడి నిలిచేది అందులో తడి లేకపోవడం వల్లే. తేనె రాసుకోవాలనిపిస్తే విడిగా రాసి కాసేపాగి కడిగేసుకోండి. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

రంగు కావాలంటే నూనెలో దిగే రంగే వెతకాలి. ఉత్తరాంధ్ర ఏజెన్సీ ప్రాంతాల్లో పండే జాఫ్రా గింజలు దీనికి పనికొస్తాయి. అర టీస్పూను గింజలను కొబ్బరి నూనెలో వేసి సన్నటి వేడి మీద పదినిమిషాలు ఉంచి వడకడితే నూనె నారింజ రంగుకు వస్తుంది. పెదవి మీద లేత ఛాయ కనబడుతుంది. గులాబీ రంగు ఆశించకండి.

కర్పూరం, మెంథాల్, దాల్చిన నూనె చల్లగానో చురుక్కుమనో తగిలి పనిచేస్తున్నట్టు అనిపిస్తాయి. నిజానికి పగిలిన పెదవిని అవి రెచ్చగొడతాయి. మంట తగ్గడానికి మళ్లీ మళ్లీ రాస్తాం, మంట మళ్లీ మళ్లీ వస్తుంది. వాసన లేని బామే అన్నిటికంటే మేలు. వంటల వెనిల్లా ఎసెన్సు కూడా నూనెలో కలవదు.

చక్కెరతో రుద్దడం పగుళ్లున్నప్పుడు వద్దు. తడి నూలు గుడ్డతో మెల్లగా అద్దితే వదులైన పొట్టు దానంతట అదే వస్తుంది.

వాడే తీరు

కొత్త బామ్‌ను నేరుగా పెదవులకు రాయకండి. మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. తేనె మైనం, దానితో వచ్చే ప్రొపోలిస్ జిగురు కొందరికి పడవు. దురదా ఎరుపూ లేకపోతే వాడండి.

బామ్ తడిని పుట్టించదు, ఉన్న తడిని కాపాడుతుంది. అందుకే మొహం కడుక్కుని తుడుచుకున్న వెంటనే, పెదవులు కాస్త చెమ్మగా ఉండగానే రాయాలి. పడుకోబోయే ముందు కొంచెం మందంగా రాయండి. పెదవులకు తీరిగ్గా కోలుకునే సమయం రాత్రే. శుభ్రమైన పొడి వేలితోనే తీయండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో డబ్బీ పెట్టండి, ఒకరిది మరొకరు వాడవద్దు. ఆరు నెలల్లో ముగించేలా కొంచెం కొంచెంగా చేసుకోండి. పాత నూనె వాసన వస్తే పారేయండి.

ఇంటి బామ్ ఎండ నుంచి కాపాడదు. నూనెలకు ఆ శక్తి ఉందని నమ్మి పొలంలో, రోడ్డు మీద గంటల తరబడి ఉండకండి. ఎండలో పని చేసేవాళ్లు ఎస్‌పీఎఫ్ రాసి ఉన్న లిప్ బామ్ కొనుక్కోవాలి. తలపాగానో, వెడల్పాటి అంచున్న టోపీనో పెట్టుకోవాలి.

తేడా వస్తే సర్దుకోవడం

- ఇసుకలా పలుకులు పలుకులుగా ఉంటే: షియా లాంటివి నెమ్మదిగా చల్లారినప్పుడు ఇలా అవుతుంది. మళ్లీ కరిగించి, డబ్బీల్లో పోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.
- పైన గుంట పడితే: అంచుల కంటే మధ్యభాగం ఆలస్యంగా చల్లారడం వల్ల. కొంచెం బామ్ దాచి ఉంచుకుని, మొదటిది గట్టిపడ్డాక గుంటలో పోయండి.
- పెదవి మీద మైనం పెంకులా అనిపిస్తే: మైనం ఎక్కువైంది. కరిగించి నూనె చేర్చండి.
- నూనె పైన చెమటలా తేలితే: వేడిలో ఉంచారు, లేదా మైనం తగ్గింది. చల్లటి చోటికి మార్చి చూడండి, తగ్గకపోతే కాస్త మైనం కలిపి మళ్లీ పోయండి.

చేసినది పాడైందని పారేయాల్సిన పని దాదాపు ఉండదు. కరిగించి సరిచేసుకోవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

ప్రతి పగులూ బామ్‌తో మానదు. నోటి చివరలు రెండు వైపులా చీలి ఎర్రబడుతుంటే ఫంగస్ గానీ, బ్యాక్టీరియా గానీ, ఐరన్, బి విటమిన్ల లోపం గానీ కారణం కావచ్చు. కింది పెదవి మీద గరుకుగా తెల్లటి మచ్చ నిలిచిపోయినా, పుండు రెండు మూడు వారాలైనా మానకపోయినా ఆలస్యం చేయవద్దు. ఏళ్ల తరబడి ఎండలో పని చేసినవాళ్లు, పొగాకు అలవాటున్నవాళ్లు దీన్ని ఇంకా శ్రద్ధగా గమనించుకోవాలి.

ఇంకో మాట. ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. మన దేశంలో సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. స్వయం ఉపాధిగా చేయాలనుకునే మహిళా సంఘాలు కాస్మెటిక్స్ రూల్స్ 2020 చదువుకుని, ఔషధ నియంత్రణ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే మొదలుపెట్టడం మంచిది.

ఈ వారం మీ పని

మొదటి రెండు రోజులు ఏదీ తయారు చేయకండి. రోజుకు ఎన్నిసార్లు పెదవి తడుపుతున్నారో, ఏ టూత్‌పేస్టు వాడుతున్నారో, ఏ వేళలో ఎక్కువ ఎండుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. మూడో రోజు సగం కొలతతో, అంటే రెండున్నర గ్రాముల మైనంతో, మొదటి బామ్ చేయండి. చెంచా మీద బొట్టు ఎలా వచ్చిందో, ఎంత నూనె చేర్చారో అదే కాగితం మీద రాయండి. మిగిలిన రోజులు వాడి చూసి, గట్టిగా ఉందా, త్వరగా పోతోందా, మంట పుట్టిందా అన్నది దాని కిందే నోట్ చేయండి.

వారం చివరికి ఆ కాగితం మీద మీ పెదవులకు, మీ ఊరి వాతావరణానికి సరిపోయే కొలత తయారవుతుంది. దాన్ని వంటింటి అల్మరా తలుపు లోపల అంటించండి. ఎండలు మొదలయ్యాక మైనం, నూనెల అంకెలు మార్చి చూడండి.